ఎర్రనీళ్ళు ఒలికిన చోటు

నా రెండు కళ్ళ మీద ఒట్టు, ఇందులో ప్రతి అక్షరం నిజం. రాజాంలో నన్నెరిగినవాళ్ళు ఈ ఒట్టు చూసి నవ్వుకుంటారని తెలుసు. నాగావళి వరదలో గేదె తోక పట్టుకుని ఒడిశా దాకా ఎదురీదానని చెప్పింది నేనే. అది వేరు, ఇది వేరు. దెయ్యాలనీ, చేతబడులనీ నేనేనాడూ నమ్మలేదు. దిష్టి కూడా నమ్మలేదు.

నాది ఆటసామాన్ల కొట్టు. మా ఊరి ధాన్యం వ్యాపారి ఒకాయన ప్రైవేటు బాస్కెట్‌బాల్ లీగులో జట్టు కొని నన్ను మేనేజర్ని చేశాడు. మేనేజరంటే తువ్వాళ్ళు, నీళ్ళు, ఐసుముక్కలు.

ఆ జట్టుకి అమెరికా నుంచి డెరిక్ వచ్చాడు. గార్డు. అంటే బంతిని ముందుకు తెచ్చి ఆట నడిపించేవాడు. ముప్పై నాలుగేళ్ళు. సొంత దేశంలో పెద్ద లీగువాళ్ళు తీసుకోకపోతే, పన్నెండేళ్ళుగా దేశాలు తిరిగి ఆడుకుంటున్నాడు. టర్కీ, లెబనాన్, ఫిలిప్పీన్స్. ఎక్కడైనా ఒక్క సీజనుకే ఒప్పందం. మోకాలు పోతే విమానం టికెట్టు చేతిలో పెడతారు.

మా ఫైనల్‌ని లైవ్‌లో చూసి, వచ్చే సీజనుకి తీసుకునేదీ లేనిదీ చెప్తామని పోలండ్ జట్టువాళ్ళు కబురు పెట్టారు. ఆ ఒక్క ఆట సరిగా ఆడలేకపోతే అతని బతుకుతెరువు అక్కడితో సరి.

అంతకు పది రోజుల ముందు గజపతినగరంలో జరిగిన ఆటలో సింహాద్రి అతన్ని చితక్కొట్టాడు. సింహాద్రి ఎదుటి జట్టువాడు, గరివిడి మనిషి, ఇరవై రెండేళ్ళు, తలుపు పట్టనంత ఒళ్ళు. మొదట మోచేత్తో ఎడమ కనుబొమ చీల్చాడు. తర్వాత తలతో మూతి మీద గుద్దితే ముందుపన్ను ఊడి నా తువ్వాల్లో పడింది. ఆఖర్న, గాల్లోంచి దిగుతున్నవాడి కుడి మోకాలి మీద అడ్డంగా పడ్డాడు.

కనుబొమ, పన్ను, మోకాలు. ఆ వరస గుర్తుంచుకోండి.

ఫైనల్ కూడా సింహాద్రి జట్టుతోనే, విజయనగరంలో, మధ్యాహ్నం మూడింటికి. వ్యాను ఎక్కబోతుంటే మా ఓనరు తల్లి నరసమ్మగారు డెరిక్‌ని గుమ్మంలో నిలబెట్టింది. "ఒంగు బావూ, నీ బుర్ర నాకందదు" అంది. పసుపూ సున్నమూ కలిపిన ఎర్రనీళ్ళు మూడుసార్లు తిప్పింది.

"ఏటి మావా ఇది?" అన్నాడు డెరిక్ నాతో. అతనికొచ్చిన తెలుగు అదొక్కటే.

ఆ నీళ్ళు ఖాళీ సీసాలో పోసి నా చేతికిచ్చింది. "మూడుదార్ల కాడ పొయ్యి. మడిసి తొక్కే సోట పొయ్యకు. తొక్కినోడికి అంటుకుంటాది."

ఆలస్యమైందని డ్రైవరు దారిలో ఎక్కడా ఆపలేదు. హాలు వెనక్కి తీసుకెళ్ళి పారబోద్దామని నడుస్తుంటే, మూత ఊడి, ఎదుటి జట్టు కుర్చీల ముందు ఒలికిపోయింది. తువ్వాలుతో తుడిచాను. లేత మరక మిగిలింది. సింహాద్రి వచ్చి సరిగ్గా దాని మీదే కాళ్ళు పెట్టుకుని కూర్చున్నాడు.

డెరిక్ మోకాలికి పట్టీ కట్టుకుని కుంటుతూనే దిగాడు.

రెండో క్వార్టర్లో సింహాద్రి, ఎవరూ అడ్డు రాకూడని ఫ్రీ త్రో గీత దగ్గర ఒంటరిగా నిలబడ్డాడు. చేతిలో బంతి. ఉన్నట్టుండి ఎడమ కనుబొమ కత్తిపెట్టి కోసినట్టు తెరుచుకుంది. నెత్తురు కంట్లోకి, బంతి మీదికి కారింది. రిఫరీ పరుగెత్తుకొచ్చి చూశాడు. చుట్టూ ఎవరూ లేరు.

కట్టు కట్టించుకుని మళ్ళీ వచ్చాడు. మూడో క్వార్టర్లో అరవబోయి ఉమ్మేశాడు. నెత్తుటితో పాటు ముందుపన్ను నేల మీద పడి టక్కుమంది. దాంతో వాడికి పిచ్చెత్తింది. డెరిక్ పీక పట్టుకుని గోడకేసి కొట్టాడు, డొక్కలో రెండు గుద్దాడు. జనం కుర్చీలు విసిరారు. ఒక కుర్చీ తగిలి మా కోచ్ చెవి తెగింది. విడదీయడానికి పావుగంట పట్టింది. ఫైనల్ ఆగకూడదని ఇద్దరికీ హెచ్చరిక చెప్పి ఆట సాగించారు.

ఆఖరి నిమిషంలో సింహాద్రి బంతికోసం మామూలుగా ఒక అడుగు వేశాడు. ఎండు వెదురు విరిగిన చప్పుడు. పైవరసలో కూర్చున్నవాళ్ళు కూడా విన్నారు. కుడికాలు మోకాలి దగ్గర పక్కకి తిరిగిపోయింది. వాడు కేకపెట్టి కూలిపోయాడు.

డెరిక్ బంతి వదిలేసి పరుగెత్తాడు. కుంటలేదు. సింహాద్రి తల ఒళ్ళో పెట్టుకుని నావైపు చూసి మెల్లగా అన్నాడు. "ఏటి మావా ఇది?"

ఆ ఆట నాలుగు ఫోన్లలో రికార్డయింది. నేను నాలుగూ చూశాను. కనుబొమ దగ్గర గాని, మూతి దగ్గర గాని, మోకాలి దగ్గర గాని ఏ చెయ్యీ, ఏ కాలూ లేదు. రిఫరీ కాగితంలో 'ఎవరూ తాకలేదు' అని రాశాడు.

డెరిక్ పోలండ్‌లో ఆడుతున్నాడు. మోకాలికి పట్టీ కట్టడం లేదు.

మొన్న గరివిడి వెళ్ళాను. సింహాద్రి మంచం మీద కూర్చుని కాలికి నూనె రాసుకుంటున్నాడు. ఇక ఆడలేడని డాక్టరు తేల్చేశాడు.

"నన్నెవులూ ముట్టలేదు మావా. ఈడియో నువ్వూ సూసినావు గదా. మరేటయినట్టు?"

నూనె గిన్నె వాడికి దగ్గరగా జరిపి లేచాను.

ఒట్టేసి మొదలుపెట్టాను కాబట్టి ఒప్పుకోవాలి. ఇందులో నేను కల్పించింది ఒక్క మాటే. దిష్టి నమ్మననడం నిజం, నమ్మను కాబట్టే ఏమవుతుందో ఉత్తినే చూద్దామనుకున్నాను. సీసా మూత దానంతటది ఊడలేదు. సింహాద్రి కూర్చునే కుర్చీ ఏదో అడిగి తెలుసుకుని, దాని ముందు నేనే పోశాను.