మా ఇంట్లో అడ్జస్ట్

మా అమ్మకు వచ్చిన ఇంగ్లీషు ఒక్కటే మాట. ఆ ఒక్కదానితోనే పుంగనూరులో సంసారమంతా ఈదింది. కూరలో ఉప్పు తక్కువైతే అడ్జస్ట్ చేసుకో. కరెంటు పోతే అడ్జస్ట్ చేసుకో. చౌడేపల్లె బస్సులో ముగ్గురి సీట్లో ఐదో మనిషికి చోటిచ్చి, నన్ను కిటికీకి అతికించి, "రవ్వంత అడ్జస్ట్ చేసుకో పాపా, పాపం ఆయమ్మ నిలబడుకోనుండాది" అనేది. నాకు ఒళ్లు మండిపోయేది. ఆయమ్మ దిగేదాకా ఇద్దరితోనూ మాట్లాడేదాన్ని కాదు.

ఏటా జాతరకు కుప్పం నుంచి మా మేనత్త పిల్లాజెల్లాతో దిగేది. మంచం అత్తకు, ఫ్యాను వాళ్ల పిల్లలకు, మా అంగడి బియ్యం మూటల పక్కన చాప నాకు. అన్ని రోజులూ అమ్మ ఎక్కడ పడుకునేదో నాకు ఇప్పటికీ తెలియదు. అడగాలని కూడా తోచలేదు.

తొంభైల చివర్లో నా ఇంటరయింది. మదనపల్లెలో డిగ్రీ చదవాలని నా పంతం. ఆ వేసవిలో అత్త మళ్లీ వచ్చింది. నాన్న పక్కన భోజనానికి కూర్చుని మొదలుపెట్టింది.

"ఆడబిడ్డ దినామూ బస్సులో అంత దూరం పోయొచ్చేదేందన్నా? సూసేవాళ్లు ఏమనుకుంటారు?"

నాన్న తలూపాడు. చెల్లెలి మాట ఆయనకు వేదం.

"అదీ నిజమే. పాపా, సదివింది సాలు. మన అంగట్లోనే కూసో. రవ్వంత అడ్జస్ట్ అయిపో."

నా కంచంలోని సంగటిలో కన్నీళ్లు పడ్డాయి. అమ్మ వైపు చూడనైనా లేదు. ఆమె చెప్పబోయేది నాకు తెలియందా!

వడ్డిస్తున్న అమ్మ కూర చట్టి ఠక్కున కింద పెట్టింది.

"యాల అడ్జస్ట్ అవల్ల? ఎందుకని?"

నాన్న చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. "అదేందే, పొద్దస్తమానం నువ్వనే మాటే గదా!"

"అవును, అంటాండాను. ఈ ఇంట్లో అడుగుపెట్టినప్పట్నుంచీ అడ్జస్ట్ అయితానే ఉండాను. నా వంతు అయిపాయ. దాని వంతు గూడా నేనే అయిపోతిని. ఇంక ఆ బిడ్డకు మిగల్లేదు."

అత్త వదినను కొత్త మనిషిని చూసినట్టు చూసింది. నాన్న లేచి చెయ్యి కడుక్కున్నాడు. సోమవారం పొద్దున్నే ఆయనే నన్ను మదనపల్లె తీసుకుపోయి కాలేజీలో చేర్పించాడు.