నేను మేడం పదవి వదులుకున్న నెల

ఇరవై ఆరేళ్ల వయసులో ప్రపంచాన్ని మార్చేయడం ఎంత తేలికగా కనిపించేదో! తొంభైల్లో, తార్నాకలో అద్దె గదిలో ఉంటూ, యూనివర్సిటీలో స్త్రీవాదం పాఠం చెప్పే తాత్కాలిక ఉద్యోగంలో చేరిన నాకు రోజులన్నీ సగం కలలోనే గడిచేవి. రాతి వరండాల్లో ఎండ నెమ్మదిగా జరుగుతుండేది, కిటికీ బయట తురాయి పూలు రాలుతుండేవి, నేను నడుస్తూనే ఉపన్యాసాలు చెప్పుకునేదాన్ని (ఒకసారి స్తంభానికి కూడా చెప్పాను, శ్రద్ధగానే విన్నది). బెంగ ఒక్కటే. క్లాసులో మగపిల్లలదే మాటంతా, ఆడపిల్లలు నోరు విప్పేవారు కాదు. ముఖ్యంగా వారాసిగూడ నుంచి వచ్చే ఒక పిల్ల. వ్యాసం రాస్తే నాకే ఈర్ష్య పుట్టేది, అడిగితే తల దించుకునేది. ఎలాగైనా ఆ పిల్ల చేత మాట్లాడించాలి.

దీనికంతటికీ నా పెద్దరికమే అడ్డమని తేల్చుకున్నాను. టీచరు పీఠం దిగితే చాలు, అందరూ సమానమైపోతారని అప్పట్లో గట్టి నమ్మకం. ఒకరోజు వేదిక దిగి బెంచీ మీద కూర్చుని, "ఇవాళ్టి నుంచి మేడం లేదు, గీడం లేదు. నన్ను పేరు పెట్టి పిలవండి" అన్నాను. క్లాసంతా నివ్వెరపోయింది. చివరికి అందరూ లీడరని పిలిచే కుర్రాడు లేచి, "పేరు వెట్టి ఎట్ల పిలుస్తం మేడం, పాపం తగుల్తది. అక్కా అంటం" అన్నాడు. నా కళ్లు చెమర్చాయి. విప్లవం వచ్చేసిందనుకున్నాను!

మర్నాటి నుంచి నాకు క్లాసునిండా తమ్ముళ్లు. సాయంత్రం తార్నాక వైపు నడుస్తుంటే వెనకాలే నలుగురు. "చీకటైతున్నదక్కా, ఒక్కదానివే పోవుడేంది? మేం లేమా?" ఇరానీ హోటల్లో చాయ్ తాగుతుంటే లీడరు ప్రత్యక్షం. "గీడ అందరు మొగోళ్లే ఉంటరక్కా. చాయ్ గావాల్నంటే నేను తెస్త గద!" (ఆడవాళ్లు ఎక్కడికైనా ఒంటరిగా తిరగొచ్చని పొద్దున నేను చెప్పిన పాఠానికి నోట్సు రాసుకున్నది ఈ మహానుభావుడే.) నేను అక్కనయ్యాక ఆడపిల్లలు వాళ్లకి చెల్లెళ్లయ్యారు. వాళ్లనీ కనిపెట్టుకుని ఉండటం మొదలైంది.

ఒక మధ్యాహ్నం వారాసిగూడ పిల్ల వరండాలో నన్ను ఆపింది. "మేడం, జర మీరు మల్ల మేడం కారాదుండ్రి?"

ఎందుకని అడిగాను.

"లైబ్రరీల చదువుకొని పొద్దుమీకి ఇంటికి పోతే, మేడం ఆపిందంటే మా నాయన ఇంకో మాట అనకపోతుండె. మొన్న అక్క ఆపిందని చెప్పిన. 'ఏ అక్క? ఎవలింటి అక్క?' అని లేచిండు. ఇగ క్లాసు అయిపోంగనే ఇంట్ల ఉండాల్నంట." చేతిలో పుస్తకాలు సర్దుకుని, "మీకు పెద్దరికం బరువైంది గానీ మేడం, మాకు దాంతోనే పని వడ్తది" అంది.

నెలంతా నేను కాచుకున్న గొంతు అదే. నన్ను దులపడానికే పెగిలింది.

మర్నాడు గంజి పెట్టిన చీర కట్టుకుని వేదికెక్కి, నాకే కొత్తగా వినిపించే గొంతుతో, "ఆరింటిదాకా ఎవ్వరూ కదలడానికి వీల్లేదు" అన్నాను. తమ్ముళ్లంతా "ఎస్ మేడం" అని బుద్ధిగా కూర్చున్నారు. కాసేపటికి వారాసిగూడ పిల్ల చెయ్యెత్తి, "మీరు చెప్పేది నేనొప్పుకోను మేడం" అంది. అంతే, ఇక ఆగలేదు. బయట వెలుగు మెల్లగా పసుపెక్కుతుంటే నేను ఆ వాదనలో హాయిగా ఓడిపోతూ కూర్చున్నాను. స్వేచ్ఛ పంచిపెడతానని బయల్దేరి, ఆ పిల్లకున్న ఒక్క సాకునీ లాగేసుకున్న ఆ పిచ్చి పంతులమ్మ మీద ఇప్పటికీ నాకు కోపం రాదు. ఎంత నమ్మకంగా ఉండేదో, పాపం!