పదహారు టీబీల బస్తా

నా తెలివితక్కువ పనులన్నీ ఒకచోట రాసిపెట్టాలంటే మామూలు కంప్యూటరు చాలదు. వాటిలో అన్నిటికన్నా ఘోరమైనది ఇప్పుడు చెబుతాను. మీరు నవ్వుకోండి, నేనేమీ అనుకోను. అనుకునే అర్హత పోయి రెండేళ్లయింది.

గుంటూరులో ఒక మిర్చి కమిషన్ కొట్టులో సరుకు చూసేవాణ్ణి నేను. రైతు బస్తా విప్పగానే పైన నిగనిగలాడే కాయల్ని చూసి మురిసిపోను. మోచేతి దాకా చెయ్యి దూర్చి అడుగు నుంచి గుప్పెడు లాగుతాను. బరువు కోసం నీళ్లు చల్లారో లేదో నా వేళ్లకి తెలిసిపోతుంది. పెళ్లయిన కొత్తలో పొదిలి నుంచి మా మామగారు తెచ్చిన బస్తాలోనూ అలాగే చెయ్యి పెట్టి, పదిమంది ముందు "అడుగున తేమ ఉంది మామయ్యగారూ" అన్న ఘనుణ్ణి.

కొనేవాళ్లకి పంపడానికి తీసిన మిర్చి ఫొటోలతో మా ఇంట్లో కంప్యూటరు నిండిపోయింది. అందులోనే నా భార్య సునీత తన ఫోన్లోంచి ఎక్కించిన వాళ్లమ్మ వీడియోలున్నాయి. అత్తగారు అట్లు పోస్తూ, పత్తి తీస్తూ, మామగారిని తిడుతూ. ఆవిడ పోయి అప్పటికి నాలుగు నెలలు. సునీత ఫోను కూడా పాడైపోయింది. ఆవిడ గొంతు వినాలంటే ఇక ఆ కంప్యూటరే.

"హార్డ్ డిస్కు ఒకటి కొనండి. అమ్మవి మాత్రం జాగ్రత్త," అంది సునీత.

కంప్యూటర్లు అమ్మి, బాగుచేసే నా స్నేహితుడు ప్రసాదుని అడిగాను.

"ఒరేయ్, రెండు టీబీలది చాలు, మంచి కంపెనీది తీసుకో. కంప్యూటర్లో ఒక కాపీ, అందులో ఒక కాపీ ఉంచు."

"రెండేనా? ఆన్‌లైన్లో పదహారు టీబీలది దాని ధరలో సగానికే ఇస్తున్నార్రా!"

"ఆ రేటుకి డబ్బా కూడా రాదురా బాబూ."

వాడి కొట్టులో సరుకు నాకు అంటగట్టడానికే అలా అంటున్నాడనుకున్నాను. చూశారా నా బుద్ధి!

పార్సిలు వచ్చింది. డిస్కుని అరచేతిలో పెట్టుకుని తూచాను. "బరువుంది సునీతా! లోపల సరుకున్నట్టే."

"అంత తక్కువకి ఎట్లా ఇస్తారండీ?"

"పంట ఎక్కువైతే ధర పడిపోదా?" అన్నాను, హార్డ్ డిస్కులు చేలో కాస్తాయన్నట్టు.

కంప్యూటరుకి తగిలిస్తే పదహారు టీబీలూ ఖాళీ అని తెర మీద చూపించింది. ముందు నా మిర్చి ఫొటోలు ఎక్కించాను. అవే ఎందుకు ముందు? ఆ ప్రశ్న సునీత ఇప్పటికీ అడుగుతూనే ఉంది. మొదటి నాలుగూ తెరిచి చూశాను, తొడిమలతో సహా కనిపించాయి. తర్వాత అత్తగారి వీడియోలు ఎక్కించాను. పేర్లన్నీ బుద్ధిగా వరసలో నిలబడ్డాయి. ఒక్కటీ తెరవలేదు. కంప్యూటర్లోవి తుడిచేసి, ఆ ఖాళీలో మళ్లీ మిర్చి నింపాను.

అత్తగారి సంవత్సరీకం అయిన వారానికి మామగారు మా ఇంటికి వచ్చారు, ఆవిడని చూడటానికే. నేను డిస్కు టీవీకి తగిలిస్తుంటే ఆయన కళ్లజోడు తుడుచుకుని టీవీ ముందుకి కుర్చీ లాక్కున్నారు.

"అట్లు పోసేది పెట్టండి అల్లుడుగారూ. అందులో నన్ను బాగా తిడుతుంది."

పెట్టాను. తెరుచుకోలేదు. ఇంకోటి నొక్కాను. అదీ అంతే. కల్లంలో ఎండబోసిన కాయలా నా నోరెండిపోయింది.

"ఏమైందండీ?" అంది సునీత.

"వైరు వదులైనట్టుంది."

కంగారులో ఏదో నొక్కాను. టీవీ నిండా మిర్చి. మళ్లీ నొక్కితే మరో కుప్ప.

మామగారు కాసేపు చూశారు. "కాయ బాగుంది," అన్నారు మెల్లగా. "ఆవిడేదీ?"

డిస్కు పట్టుకుని ప్రసాదు కొట్టుకి పరిగెత్తాను. మామగారూ వెంట వచ్చారు. వాడు స్క్రూలు విప్పాడు. లోపల గోరంత మెమరీ కార్డు, పక్కన బరువు కోసం జిగురుతో అంటించిన రెండు ఇనప నట్లు.

"ఈ కార్డు నిండాక నువ్వెక్కించిన వాటికి పేర్లే మిగిలాయిరా. లోపల ఏమీ లేదు."

"కంప్యూటర్లో తుడిచినవన్నా తియ్యరా!"

"వాటి మీద మిర్చి పోశావు గదరా!"

మామగారు నట్లు రెండూ చేతిలోకి తీసుకుని చూశారు. "ఆ రోజు నా బస్తాలో మోచేతి దాకా చెయ్యి పెట్టారు గదండీ అల్లుడుగారూ," అన్నారు. "దీంట్లో వేలన్నా పెట్టలేకపోయారా?"

తిట్టినా బాగుండేది.

ఆ రెండు నట్ల మీద చెయ్యి వేసి ప్రమాణం చేస్తున్నాను. ఇక ఈ జన్మలో ఏ డిస్కునీ అరచేతిలో తూచి కొనను. చివరి ఫైలు దాకా తెరిచి చూడకుండా ఏదీ తుడవను. మామగారు ఇప్పటికీ వస్తుంటారు. అట్లు పోస్తూ ఆవిడ ఏమని తిట్టేదో ఆయనే చెబుతుంటే నేను రికార్డు చేసి, రెండు చోట్ల దాచి, మొదటి నుంచి చివరి దాకా వింటున్నాను. ఈమధ్య ఆ తిట్లలో నా పేరు కూడా వినిపిస్తోంది. అయినా సరే, ఒక్క ముక్క కూడా తుడవడం లేదు.