నీళ్ళతో మాట్లాడే హైడ్రోజన్

ఆ భవనంలో అందరూ ఆమెను చలక్క అనేవారు. ఆ పేరు మొదట ఎవరు పెట్టారో ఎవరికీ గుర్తు లేదు. ప్రోటీన్లు వేడికి పాడవకుండా శుద్ధి చేసే చలిగదిలోనే ఆమె ఉద్యోగ జీవితం సగం గడిచింది. బయట జనం నీడ కోసం వెతుక్కునే ఎండల్లో కూడా ఆమె ఉన్ని కోటు తొడుక్కుని, గాజు గొట్టం కొసన చుక్క చుక్కగా జారే ద్రవం ముందు కూర్చునేది. ఒక చుక్క బరువెక్కి, వేలాడి, రాలేదాకా ఆమె మనసు కూడా దానితోపాటే వేలాడేది.

పెళ్ళయిన కొత్తలో అత్తగారు అడిగింది. "అమ్మాయీ, అక్కడ నువ్వు చేసే పనేమిటి?"

"ఎంజైమ్ ఎలా పనిచేస్తుందో చూస్తాను అత్తయ్యా. ఎంజైమ్ అంటే, ఒంట్లో ఏళ్ళు పట్టే పనిని రెప్పపాటులో చేసిపెట్టే ప్రోటీను."

"దానికంత దూరం పోవాలా? నేనీ ఇంట్లోనే ఉన్నాగా, నన్ను చూడు!"

బస్సు నడిపే భర్త నవ్వాపుకోలేక పొలమారి, నీళ్ళ గ్లాసు కోసం తడుముకున్నాడు.

చలక్క నమ్మిందల్లా ఒక్కటే. మామూలుగా హైడ్రోజన్ ఒక పరమాణువు సొత్తు. పక్క పరమాణువు దూరం నుంచి చెయ్యి చాచి ఊరుకుంటుంది. అలాంటి బంధాలు ప్రోటీన్ నిండా ఉంటాయి, ఒక్కొక్కదాని బలం అంతంతమాత్రం. కానీ రెండువైపుల వాళ్ళూ బాగా దగ్గరికి జరిగి సమానంగా లాగితే, హైడ్రోజన్ ఎటూ మొగ్గక నడిమధ్య నిలబడుతుంది. అప్పుడా బంధం ఉడుంపట్టు. తన ఎంజైమ్ సరిగ్గా పని మధ్యలో ఉన్న క్షణాన, దాని లోపలి గూటిలో అలాంటి బంధమే బిగుసుకుంటుందని ఆమె నమ్మకం.

ఆ క్షణం చూస్తుండగానే జారిపోతుంది. అందుకని ఆమె ఒక ఎర అణువును తయారు చేసింది. సగం పనిలో ఉన్న అణువులా కనిపించి, గూట్లోకి దూరి, ఎంజైమ్‌ను అదే భంగిమలో ఆపేస్తుందది. ఇక మిగిలింది వినడమే. పెద్ద అయస్కాంతంలో ద్రావణాన్ని ఉంచి రేడియో తరంగంతో తడితే, ఒక్కో హైడ్రోజన్ ఒక్కో స్వరంలో బదులిస్తుంది. తెర మీద ఆ బదుళ్ళు శిఖరాలై లేస్తాయి. నడిమధ్య నిలిచిన హైడ్రోజన్ మిగతా మంద కంటే దూరంగా, తెర ఎడమ అంచున ఎక్కడో పలకాలి. ఏళ్ళ తరబడి అక్కడ గాలి లేని చెరువులా చదునైన గీతే ఉంది.

"చూడమ్మా," అన్నాడు ప్రయోగశాల పెద్దసారు, కళ్ళద్దాలు తుడుచుకుంటూ. "ఆ బంధం ఉంటే ఈపాటికి పలికేది. అయస్కాంతం పాతబడిందని శుక్రవారం ఆపేస్తున్నారు. దాంతో ఈ పనీ మూసేద్దాం. రాసే వ్యాసంలోంచి ఆ మాట తీసేద్దాం. నువ్వు సామాన్ల గది చూసుకుందువుగాని."

"శుక్రవారం పొద్దున ఒక్క పూట నాకివ్వండి సార్."

"ఇస్తాను. కానీ ఆశ పెట్టుకోకు."

ఆశ పెట్టుకోవద్దన్నంత మాత్రాన పోయేదైతే, ఆమె చలిగదిలో అన్నేళ్ళు కూర్చునేదే కాదు. ఉన్న ప్రోటీనంతా ఊడ్చి రెండు సన్నటి గొట్టాల్లో నింపింది. ఒకదాంట్లో ఎర కలిపింది, రెండోది ఊరికే ఉంచింది. శుక్రవారం పొద్దున్నే అయస్కాంతం గది తలుపు తట్టింది.

ఆ యంత్రాన్ని చూసుకునే పెద్దాయనను అందరూ బాబాయ్ అంటారు. కుర్చీలో వెనక్కి వాలి ఆయన నిట్టూర్చాడు. "వచ్చావా తల్లీ? నా ముసలిదానికి నువ్వే చివరి చుట్టానివి. ముందు నీళ్ళ నోరు మూయిస్తా. లేకపోతే ఆ గోలలో ఇంకెవరి గొంతూ వినబడదు."

ఎప్పుడూ చేసే పనే అది. గొట్టంలో ప్రోటీన్ గుప్పెడైతే నీరు సముద్రం. వినేముందు నీటి స్వరాన్ని అణిచేయడం ఆ గదిలో చెయ్యి కడుక్కోవడమంత అలవాటు. ఆయన మీట మీద వేలు పెట్టాడు.

"ఆగు బాబాయ్!"

"ఏమైంది?"

"నా హైడ్రోజన్ కుదురుగా ఉండే రకం కాదు. నీళ్ళలో హైడ్రోజన్‌తో చోట్లు మార్చుకుంటూ ఉంటుంది. మనం నీళ్ళ నోరు మూస్తే, అక్కణ్ణించి వచ్చేవాడు మూగవాడై వస్తాడు. గూట్లో కూర్చున్నా పలకలేడు. ఇన్నేళ్ళూ వాడి గొంతు మనమే నొక్కాం!"

బాబాయ్ మీట మీంచి వేలు తీశాడు. "అయితే నీళ్ళను అరవనిద్దామా?"

"వాటి జోలికి పోకుండా పక్కనుంచి దాటిపోయే రేడియో తట్టు ఉందిగా, అది వేద్దాం. ఎడమవైపు తెర ఇంకా పెంచు. చలి కూడా పెంచు, వాడు చోట్లు మార్చుకోవడం నెమ్మదించాలి."

"ఎంత చలి?"

"నీళ్ళు గడ్డకట్టే అంచుదాకా."

"నీకేమైనా పిచ్చా? ఒక్క పిసరు ఎక్కువైతే గొట్టం పగులుతుంది. నీ ప్రోటీనూ పాయె, నా ముసలిదాని కడుపూ పాడవుతుంది."

"ఇవాళ సాయంత్రానికి రెండూ ఎలాగూ పోయేవే కదా బాబాయ్."

ఆయన ఆమెను ఎగాదిగా చూశాడు. "చలక్కని ఊరికే అనలేదు నిన్ను," అని చలి పెంచాడు.

గొట్టం పగల్లేదు. తరంగం తట్టింది, మళ్ళీ తట్టింది. మొదట తెర నిండా నలుసుల వాన. ఒక్కో తట్టు పైన ఇంకో తట్టు చేరుతున్నకొద్దీ నలుసులు ఒకదాన్నొకటి మింగేసుకున్నాయి. అప్పుడు ఎడమవైపున, ఎవరూ అడుగుపెట్టని ఆ ఖాళీలో, గీత కాస్త ఉబ్బింది. ఇంకాస్త. మంచులోంచి పడవ వచ్చినట్టు ఒక శిఖరం, ఒంటరిగా, నిటారుగా లేచి నిలబడింది.

బాబాయ్ తలుపు తీసి వసారాలోకి కేక పెట్టాడు. "సార్! పరుగెత్తుకు రండి!"

పెద్దసారు వచ్చి తెరకు ముక్కు ఆనించినంత దగ్గరగా చూశాడు. "ఏదైనా మలినం కావచ్చు. ఎర లేని గొట్టం పెట్టండి."

పెట్టారు. అదే చలి, అదే తట్టు. ఎడమ అంచు చదునుగా ఉండిపోయింది. ఎర ఉంటేనే, అంటే ఎంజైమ్ పని మధ్యలో ఉన్నట్టు నిలబడితేనే, ఆ బంధం బిగుస్తోంది. ఎంజైమ్ వేగమంతా దాని చలవే అనడానికి ఇంకా చాలా దారి ఉంది. కానీ బంధం ఉంది. సరిగ్గా ఉండాల్సిన వేళకే ఉంది.

"చలక్కా!" అన్నాడు సారు. ఆ పేరుతో ఆయన పిలవడం అదే మొదలు. "వ్యాసంలోంచి తీసేద్దామన్న మాటను పేరుగా పెడదాం. పైవాళ్ళతో నేను మాట్లాడతాను, అయస్కాంతం మీద ఎవరూ చెయ్యి వెయ్యరు. సామాన్ల గదికి ఇంకెవర్నైనా చూసుకుంటాం."

బాబాయ్ యంత్రం ఒంటిని అరచేత్తో నిమిరాడు. "విన్నావటే ముసలీ?"

చలక్క వసారాలోకి నడిచి ఇంటికి ఫోన్ చేసింది. అత్తగారు ఎత్తింది.

"అత్తయ్యా! దొరికింది! దొరికింది అత్తయ్యా!"

"ఏం దొరికిందే?"

"హైడ్రోజన్! ఒకే ఒక్కటి!"

"ఏమాత్రం ఉంటుంది?"

"కంటికి కూడా కనబడదు."

"కంటికి కనబడనిదానికి ఇంత అరుపా?" అని ఆవిడ ఫోన్ పక్కకు తిప్పి, లోపలి గదిలోకి అంతకంటే పెద్దగా అరిచింది. "ఒరేయ్! మీ ఆవిడకి దొరికిందట్రా!"