పడవ ట్యాంకులో మడ్డి

తార్నాకలో రోడ్డు పక్కన నాకో రేకుల షెడ్డు ఉండేది. స్కూటర్లు, నీళ్ళు తోడే ఇంజన్లు బాగుచేసేవాడిని. నా బడి చదువు నాలుగో తరగతితోనే సరి. పందొమ్మిదివందల అరవైల చివర, లాలాగూడ అవతల ఒక వర్క్‌షాపులో మెకానిక్కు ఉద్యోగం ఉందని తెలిసింది. పని వచ్చని ఎవరైనా పెద్దమనిషి రాసిన కాగితం తెమ్మన్నారు.

అదే వారం యూనివర్సిటీ నుంచి ఒక అటెండరు వచ్చాడు. చెరువుల్లో నీటి నమూనాలు తీయడానికి వాళ్ళ డిపార్ట్‌మెంటుకు చిన్న మోటారు పడవ ఉంది. ఇంజను పది నిమిషాలు నడిచి ఆగిపోతోందట. నేను వెళ్ళేసరికి లెక్చరరుగారు, కోస్తా వైపు ఆయన, ఇంజను పుస్తకం ముందు పెట్టుకుని కార్బురేటరును మూడోసారి విప్పిస్తున్నారు. కార్బురేటరు అద్దంలా శుభ్రంగానే ఉంది.

"సార్, ట్యాంకు జూశిన్రా?"

"ట్యాంకులో ఏముంటుందయ్యా, పెట్రోలేగా."

మూత తీశాను. గుప్పున పాత వార్నిషు వాసన. వానాకాలమంతా సగం ట్యాంకుతో పడవను అలాగే పడేశారు. బాగుచేస్తే కాగితం రాసిస్తారా అని ముందే అడిగాను.

"దానికేం, రాసిస్తాలే."

ట్యాంకు ఊడదీసి అటెండరూ నేనూ భవనం వెనక బయలుకు మోసుకెళ్ళాం. అతను బీడీ తీశాడు.

"అన్నా, నీకు పెండ్లాం పిల్లలున్నరా?" అని అడిగాను.

"ఉన్నరు. ఏంది?"

"అయితే బీడీ జేబుల పెట్టు."

ట్యాంకులోది గాజు సీసాలోకి వంచాను. పైన డికాషను రంగు పెట్రోలు, దాని కింద నీళ్ళు, అడుగున రెండు వేళ్ళ మందాన తుప్పు మడ్డి. ట్యాంకులో గుప్పెడు సైకిలు చైను ముక్కలు వేసి, కిరసనాయిలు పోసి, చెరోవైపు పట్టుకుని చేతులు లాగేదాకా ఊపాం. పారబోశాం, మళ్ళీ పోశాం. తెల్లగుడ్డ మీద మరక పడని దాకా, ఆరుసార్లు. చైను ముక్కలన్నీ ఏరి బయటికి తీసి, ట్యాంకు బోర్లించి ఎండబెట్టి, కొత్త పెట్రోలు వడగట్టి పోశాను. నీళ్ళ తొట్టిలో దించి చూస్తే ఇంజను గంటసేపు ఆగకుండా నడిచింది.

రెండు రోజులకు టైపు చేసిన కాగితం ఇచ్చారు. మడిచి జేబులో పెట్టుకుని దండం పెడతాననుకున్నట్టున్నారు. అక్కడే నిలబడి చదివాను. లోపాన్ని డిపార్ట్‌మెంటు కనిపెట్టిందట. వారు చెప్పిన ప్రకారం నేను ట్యాంకు శ్రద్ధగా కడిగానట.

"లోపం వట్టింది నేను గద సార్."

ఆయన తలెత్తారు. "నీకు ఇంగ్లీషొచ్చా?"

"వస్తది. ఇంజన్ల పుస్తకాలు సదివి నేర్చుకున్న. ట్యాంకు సంగతి మీ పుస్తకంల గూడ ఉన్నది, తొమ్మిదో పేజీల. ఆనాడే జూశిన."

"టైపయిపోయిందయ్యా. అయినా కడగడం మాత్రం చిన్న పనా?"

వర్క్‌షాపువాళ్ళూ ఆ కాగితం చదివారు. మెకానిక్కు పని ఇంకొకరికిచ్చి, నన్ను ఇంజను సామాన్లు కిరసనాయిలుతో కడిగే తొట్టి దగ్గర నిలబెట్టారు. ఇంట్లో పొయ్యి వెలగాలి కనక చేరాను. ఆ కాగితంలోని మాటలు ఈ ముసలితనంలోనూ పొల్లుపోకుండా అప్పజెప్పగలను. రాసినాయనకు మర్నాటికి గుర్తుండి ఉండవు.

మరుసటేడు వానలు వెనకపట్టాక అటెండరు మా ఇంటికొచ్చాడు.

"పడవ మళ్ళ ఆగింది. సార్ నిన్ను తోల్కరమ్మన్నరు."

"లోపం కనిపెట్టెటోళ్ళు గాడనే ఉన్నరు గదనే. కడిగెటోనికి గీడ తీరుత లేదని చెప్పు."

అతను సైకిలు తిప్పుకుని వెళ్ళిపోయాడు. నేను చేతులు మరోసారి సబ్బుతో రుద్దుకుని అన్నానికి కూర్చున్నాను. ముద్దలో కిరసనాయిలు వాసన.