స్కాన్ రిపోర్టులో మూడో వాక్యం

పంజాగుట్టలో ఒక ఆసుపత్రిలో సర్జన్‌గా పనిచేసే రోజుల్లో ఒకావిడ నా దగ్గరికి వచ్చింది. మధురానగర్‌లో ఆడపిల్లల హాస్టల్లో వంట చేసేది. గొంతు మధ్యలో నిమ్మకాయంత వాపు.

"నాలుక బయటపెట్టమ్మా" అన్నాను. పెట్టగానే వాపు పైకి కదిలింది. పుట్టుకతో మిగిలిపోయిన సన్నటి గొట్టంలో నీరు చేరి ఏర్పడే తిత్తి అది. అచ్చం పుస్తకంలో రాసినట్టే ఉంది. మురిసిపోయి జూనియర్ డాక్టర్లను పిలిచాను. వాళ్ల ముందు ఆవిడ చేత నాలుగైదు సార్లు నాలుక బయటపెట్టించాను.

"సార్, లోపల రాయి లెక్క గట్టిగ తగుల్తుంది. జర చూడుండ్రి" అంది.

"ఏం కాదమ్మా, నీటి తిత్తే" అన్నాను. వేలితో తడిమి కూడా చూడలేదు. స్కాన్ రిపోర్టు మొదటి వాక్యం చదివి ఆపరేషన్‌కి రాసేశాను.

తిత్తిని, దానికి అంటుకున్న చిన్న ఎముక ముక్కతో సహా తీశాను. వారానికి బయాప్సీ వచ్చింది: క్యాన్సర్. అలాంటి తిత్తిలో క్యాన్సర్ అంతవరకూ నేను చూడలేదు. పాత స్కాన్ మళ్లీ తీశాను. మూడో వాక్యం: లోపల గట్టి భాగం ఉంది, సూది పరీక్ష చేయించడం మంచిది.

ఆ కాగితం ఫైల్లో పెట్టేసి, ఆవిడనీ భర్తనీ పిలిచాను. "చాలా అరుదైన జబ్బండీ, ముందుగా ఎవరికీ తెలియదు" అన్నాను. ఆటో నడిపే ఆ మనిషి "మీరు దొరకబట్టిన్రు సార్" అంటూ రెండు చేతులూ జోడించాడు. కాదనలేదు.

క్యాన్సర్ మెడలోని లింఫు గ్రంథులకూ పాకింది. థైరాయిడ్‌నీ ఆ గ్రంథులనీ తీసేందుకు క్యాన్సర్ సర్జన్ రెండోసారి మెడ కోశారు. ముందే తెలిసి ఉంటే అంతా ఒక్కసారితో అయిపోయేది.

మూడో రోజు వార్డులో ఆవిడ మంచం పక్కన కూర్చున్నాను. "రిపోర్టులో ముందే ఉందమ్మా. నేను చదవలేదు."

ఆవిడ మెడ మీది కట్టును తాకి చూసుకుంది.

"నేను సుత చెప్పిన గద సార్. గప్పుడు మీరు నా మాట ఇనలే. గా డాక్టర్ పిల్లలకు నన్ను చూపెట్టుకుంట ఉన్నరు."

క్షమించమని కూడా అడగకుండా లేచి వచ్చేశాను.

జబ్బు మళ్లీ రాలేదు. చెకప్‌లకు ఆవిడ ఆ క్యాన్సర్ సర్జన్ దగ్గరికే వెళ్తోంది. మొన్నామధ్య అమీర్‌పేట మెట్రో మెట్ల మీద కూరగాయల సంచితో ఎదురైంది. నేను లిఫ్టు వైపు తిరిగాను.

"సార్, బాగున్నరా?" ఆవిడే పిలిచింది.

"బాగున్నానమ్మా" అన్నాను. నువ్వెలా ఉన్నావని అడిగేంతసేపు అక్కడ నిలబడలేకపోయాను.