పుట్టలో పోయని పాలు

బందరులో పళ్ళ డాక్టరు గారి గది తలుపు తీయగానే అరటిపండు వాసన కొట్టింది. మగ్గిన చక్రకేళి వాసన కాదు, మందులో కలిపే వాసన. మా ఆయన పోయాక ఆసుపత్రుల తిరుగుడంతా నాదే, మందుల వాసనలు నాకు కొత్త కాదు. కానీ మనవరాలు హుషారుగా కుర్చీ ఎక్కుతుంటే నేను గుమ్మంలోనే ఆగిపోయాను. పళ్ళు పుచ్చకుండా పెట్టే ఫ్లోరైడు మందే అది. నా చిన్నప్పుడూ ఇదే వాసన.

మాది మోపిదేవి పక్కన పల్లె. దీపావళి వెళ్ళాక వచ్చే నాగుల చవితి మాకు అన్నిటికన్నా పెద్ద పండగ. చీకటితోనే తలంట్లు, కుంకుడు రసం కళ్ళలో పడి ఏడుపులు, రోట్లో నువ్వులూ బెల్లం కలిపి దంచుతుంటే ఇల్లంతా చిమ్మిలి వాసన, పళ్ళెంలో చలిమిడి ముద్దలు, నానబోసిన పెసరపప్పు, వాటి దగ్గర విసనకర్రతో నాయనమ్మ కాపలా. పుట్టలో పాలు పోసేదాకా పిల్లలైనా సరే ఏదీ ముట్టకూడదు. ఆ రోజు గేదె ఇచ్చిన పాలన్నీ ఇత్తడి చెంబులోకే, ఇంట్లోకి చుక్క లేదు.

ఆ ఏడు సరిగ్గా చవితి నాడే మా బడికి పట్నం నుంచి పళ్ళ డాక్టర్లు వచ్చారు. పండగైనా పిల్లలందరూ రావాలని హెడ్మాస్టరు గారు కబురు పెట్టారు. బడి అయ్యాకే పుట్ట దగ్గరికి వెళ్దామని నాయనమ్మ గొణుక్కుంటూ ఒప్పుకుంది. వరండాలో బారుగా కూర్చోబెట్టి, పళ్ళ వరసలా వంపు తిరిగిన అచ్చుల్లో జెల్లు నింపి మా నోళ్ళలో పెట్టారు. "మింగకండి, చొంగ కారినా ఫర్వాలేదు, తీశాక ఉమ్మేయండి" అని ఒక చిన్న డాక్టరమ్మ గొంతు పోయేలా చెప్పింది. అందరం బకెట్ల మీదికి వంగాం. నా చెల్లెలు మణికి అప్పుడే ఒకటో తరగతి. పొద్దుటి నుంచీ పచ్చి మంచినీళ్ళు తప్ప లేనిదానికి నోట్లో తియ్యగా తగిలితే ఎందుకు ఉమ్ముతుంది? గుటకలేసింది. అచ్చులో మిగిలింది కూడా నాకి, "బాగుందే అక్కా" అంది.

ఇంటికి వస్తూ మణి కాలవ గట్టు మీదే కూలబడిపోయింది. నోట్లో నీళ్ళూరుతున్నాయి, వాంతి మీద వాంతి, మొహం సున్నం కొట్టినట్టయింది. వీపున వేసుకుని ఇంటికి తెచ్చాను.

"ఉపవాసం చెడగొట్టి ఏం మెక్కావే? స్వామికి కోపం రాదూ? పుట్ట దగ్గర లెంపలేయించండి ముందు" అంది నాయనమ్మ.

అమ్మ నన్ను బడికి పరిగెత్తించింది. జీపు ఎక్కబోతున్న డాక్టరమ్మ నా వెనకే వచ్చింది. మణి నాడి చూసింది.

"మందు మింగిందండీ. ఖాళీ కడుపు, అందుకే ఇంత బాధ. వెంటనే పాలు పట్టండి. పాలు మందుని పట్టుకుని ఒంట్లోకి పోనివ్వవు."

అందరి కళ్ళూ చెంబు మీదే. నాయనమ్మ దాన్ని రెండు చేతులా పట్టుకుని కూర్చుంది.

"అవి స్వామివి. ఎంగిలి చేస్తే వంశానికి తగులుతుంది. పక్కింట్లో అడగండి."

"ఇవాళ ఎవరింట్లో ఉంటాయి అత్తయ్యా? అందరివీ పొద్దున్నే పుట్టలోకి పోయాయిగా. లేవండి."

"లేవను."

అత్తగారి ముందు ఎప్పుడూ నోరెత్తని మా అమ్మ ఆమె చేతుల్లోంచి చెంబు లాక్కుంది. కాసిని నేల పాలయ్యాయి. మిగిలినవి మణి పెదాలకి ఆనించింది. మణి కక్కింది, అమ్మ మళ్ళీ పట్టింది. డాక్టరమ్మ దాని చెయ్యి వదల్లేదు. గూట్లో పెట్టిన దీపం చమురు లేక ఆరిపోతున్నా ఎవరూ లేవలేదు. పొద్దు వాలుతుండగా మణి కళ్ళు తెరిచి, "ఆకలేస్తోందమ్మా" అంది. అమ్మ అప్పుడు ఏడ్చింది.

నాయనమ్మ ఖాళీ చెంబు తీసుకుని ఒక్కతే పుట్ట దగ్గరికి నడిచింది. నేను వెనకే వెళ్ళాను. "పాలు పిల్ల తాగింది స్వామీ. చేస్తే నన్నేమన్నా చెయ్యి, దాని జోలికి పోకు" అంటోంది, చెంబు బోర్లించి చూపిస్తూ.

ఆ పుట్ట ఉన్నచోట ఇప్పుడు చేపల చెరువు. ఆ వీధిలో గేదె ఉన్న ఇల్లు లేదు. నాయనమ్మా లేదు, అమ్మా లేదు. మణి నందివాడలో పిల్లల తల్లి.

"పొద్దున తినిపించారా అమ్మా?" అని అడిగారు ఇక్కడి డాక్టరు గారు. "ఇడ్లీలు పెట్టానండీ" అన్నాను. "మంచిది. ఉమ్మేశాక కూడా కాస్త మందు పళ్ళని పట్టుకునే ఉంటుంది, పనిచేసేది అదే. అరగంట దాకా ఏమీ పెట్టకండి."

మందు అచ్చు పెట్టి తీశాక మనవరాలు తొట్టి మీదికి వంగి ఉమ్మింది.

"ఇంకోసారి ఉమ్మమ్మా" అన్నాను.

"అయిపోయింది అమ్మమ్మా!" అని విసుక్కుంది. డాక్టరు గారు నవ్వారు. నాకు నవ్వు రాలేదు. పిల్ల గొంతు కదులుతుందేమోనని చూస్తూ నిలబడ్డాను.